ఏప్రిల్ చివర్లో ఇంగ్లండు తోటలు: అమ్మానాన్నలతో పదిహేను రోజులు

పారిజాతం – జనవరి 21

అందరికీ నమస్కారం. మా తమ్ముడు రెడింగ్‌లో ఉంటాడు. ఏప్రిల్ 18 నుంచి మే 3 దాకా అమ్మానాన్నలను తీసుకుని వాడి దగ్గరికి వెళ్తున్నాను. నాన్నగారికి 72. వ్యవసాయ శాఖలో చేసి రిటైరయ్యారు. ఏ మొక్క కనబడినా ముందు ఆకు తిప్పి వెనక వైపు చూడనిదే కదలరు. అమ్మకు 66, కుడి మోకాలు సతాయిస్తోంది. అరగంట నడిస్తే పావుగంట కూర్చోవాలి.

మ్యూజియాలు, రాజభవనాలు మా ఇంట్లో ఎవరికీ అక్కర్లేదట. తోటలూ, నడవడానికి మంచి దారులూ ఉంటే చాలన్నారు. నేను రాసుకున్నవి: క్యూ గార్డెన్స్, విస్లీ, సిస్సింగ్‌హర్స్ట్, హాంప్టన్ కోర్ట్, రీజెంట్స్ పార్కు గులాబీ తోట, హాలండ్ పార్కులోని జపాన్ తోట, రిచ్‌మండ్ పార్కు, బ్లూబెల్ పూల అడవి ఒకటి, సెవెన్ సిస్టర్స్ సముద్రపు కొండలు, చివరగా లేక్ డిస్ట్రిక్ట్. ఇవి ఏ వరుసలో చూస్తే బాగుంటుందో చెప్పగలరా?

తేమ్స్ గట్టు – జనవరి 21

పారిజాతం గారూ, వరుస సంగతి తర్వాత. ముందు జాబితాలో సగం కొట్టేయాలి.

రీజెంట్స్ పార్కు గులాబీలు జూన్‌లో విచ్చుకుంటాయి. ఏప్రిల్‌లో వెళ్తే ముళ్లు లెక్కపెట్టి రావాలి. సిస్సింగ్‌హర్స్ట్ అనగానే అందరూ చెప్పే తెల్లపూల తోటదీ అదే కథ, జూన్ చివర, జూలైలో దాని అందం. ఏప్రిల్‌లో అక్కడ చూడాల్సింది లైమ్ వాక్ అనే దారి. రెండు వైపులా కత్తిరించిన లైమ్ చెట్లు (నిమ్మ కాదు, లిండెన్), కింద తులిప్పులు, ఇంకా దుంపల నుంచి వచ్చే పూలన్నీ ఉంటాయి. 1930లో శిథిలంగా పడి ఉన్న ఆ చోటును కొన్న దంపతులలో ఆవిడ పూలు చూసుకుంటే, ఆయన గీతలు గీసి దారులు వేశాడు. లైమ్ వాక్ పూర్తిగా ఆయన ముచ్చట. కానీ అది కెంట్‌లో ఉంది. రెడింగ్ నుంచి లండన్ దాటుకుని పోవాలి, స్టేషన్ నుంచి మళ్లీ టాక్సీ కావాలి. అమ్మగారి మోకాలిని తలచుకుంటే నేనైతే వదిలేస్తాను.

మీ తేదీలు మాత్రం బంగారం. చెర్రీ పూత చివరి రోజులు, అజేలియాలు ఊపందుకునే సమయం, బ్లూబెల్స్ విప్పారే సమయం మూడూ కలుస్తాయి. చలి ఎక్కువ కాలం పట్టిన ఏడాది అన్నీ ఒకటి రెండు వారాలు వెనక్కి జరుగుతాయి. అందుకే రోజువారీ పట్టిక వేసుకోకండి. ఉదయం లేచి ఆకాశం చూసి నిర్ణయించుకోండి. మీ రెడింగ్ నుంచి వాటర్‌లూ వెళ్లే రైలు రిచ్‌మండ్‌లో ఆగుతుంది. అక్కడ లండన్ మెట్రోలోని డిస్ట్రిక్ట్ లైను ఎక్కితే తర్వాతి స్టేషనే క్యూ గార్డెన్స్. ఆ రెండింటినీ గట్టిగా పట్టుకోండి.

బంతిపూలు – జనవరి 22

లక్షలు పోసి పూలు చూడటానికి సముద్రాలు దాటాలా అండీ? కడియం వెళ్తే టిక్కెట్టు లేకుండా ఎకరాలకు ఎకరాలు నర్సరీలు, పైగా నచ్చినది కొనుక్కుని ఇంటికి తెచ్చుకోవచ్చు. అక్కడ పువ్వు తెంపితే జరిమానా.

సామర్లకోట – జనవరి 22

బంతిపూలు గారూ, కడియం పక్కనే ఉన్నవాడిని నేనే కాబట్టి మీ మీద కోపం రాలేదు. కానీ ఒక సంగతి చెప్పనివ్వండి. 1781 నుంచి పన్నెండేళ్ల పాటు విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు మా సామర్లకోటలో కుంపెనీ కొలువులో ఉన్నాడు. రోగులను చూస్తూనే ఇక్కడ తోట వేశాడు. మిరియాలు, నీలిమందు మొక్కలు పెంచి చూశాడు. మన దగ్గరి చిత్రకారులను కూర్చోబెట్టి మన కొండల, మన చెరువుగట్ల మొక్కల బొమ్మలు గీయించాడు. వాటిలోంచి ఏరిన 300 బొమ్మలను కోరమాండల్ తీరపు మొక్కల పేరుతో 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చు వేశారు. ఆ పని దగ్గరుండి నడిపించింది జోసెఫ్ బ్యాంక్స్. క్యూ తోటకు ఇవాళ ఉన్న పేరు తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సినవాడు. రాక్స్‌బర్గ్ బొమ్మల ప్రతులు క్యూ గ్రంథాలయంలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

పారిజాతం గారి నాన్నగారు వ్యవసాయ శాఖ మనిషి కదా, వెళ్లేముందు ఈ మాట ఆయన చెవిన వేయండి. అక్కడ ఊరికే పరాయి తోట చూస్తున్నట్టు ఉండదు.

పారిజాతం – జనవరి 22

చెవిన వేశాను. రాత్రి తొమ్మిదికి పడుకునే మనిషి పదకొండున్నర దాకా కంప్యూటర్ ముందు ఆ బొమ్మలు చూస్తూ కూర్చున్నారు. మోదుగు పువ్వు దగ్గర అమ్మను కూడా లేపారు. ధన్యవాదాలు అనాలో ఏమనాలో తెలియడం లేదు.

మోకాలినొప్పి – జనవరి 23

నా పేరే చెప్తోంది కదా, రెండేళ్ల కింద ఏప్రిల్‌లోనే నేనూ మా ఆవిడా వెళ్లొచ్చాం. మీ అమ్మగారి కోసం నాలుగు మాటలు.

క్యూ మూడు వందల ఎకరాలకు పైనే ఉంటుంది. ఒక్క రోజులో చూసేస్తామని బయలుదేరితే సాయంత్రానికి మీరూ కూర్చుండిపోతారు. గేటు దగ్గర చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు. మొహమాటపడకుండా తీసుకోండి, ఆవిడ నడిచినంత సేపు దాన్ని తోసుకుంటూ సంచులు పెట్టుకోండి. చెట్ల కొమ్మల ఎత్తులో కట్టిన నడక వంతెన ఒకటి ఉంది. నేల నుంచి 18 మీటర్ల పైన, 200 మీటర్ల చుట్టు. పైకి మెట్లతో పాటు లిఫ్టు కూడా ఉంది, కానీ ఒక్కోసారి లిఫ్టు పని చేయదు, ముందే కనుక్కోండి. పగోడా జోలికి వెళ్లవద్దు, 253 మెట్లు. కింద నిలబడి కప్పుల అంచున ఉన్న డ్రాగన్లను చూసుకుంటే చాలు.

బూట్లు ఇక్కడే కొని పది రోజులు ఇంట్లో తొడిగించండి. కొత్త బూట్లతో అక్కడ దిగితే మోకాలికి మడమ తోడవుతుంది. చీర కట్టుకుంటారా? అయితే నాలుగు వేళ్లు పైకి కట్టుకోమనండి. అడవి దారుల్లో ఏప్రిల్ బురద మామూలుగా ఉండదు, మా ఆవిడ కుచ్చిళ్ల కింది అంగుళం మేర ఇంటికొచ్చాక కూడా వదలలేదు. ఇంకొకటి, ఏప్రిల్‌లో అక్కడ బర్చ్ చెట్ల పుప్పొడి ఎక్కువ. జలుబు చేసిందనుకుని మేము మూడు రోజులు కషాయం తాగాం. తుమ్ములు వస్తే డాక్టరును అడిగి అలర్జీ మాత్ర తీసుకెళ్లండి.

కొండదారి – జనవరి 25

మాంచెస్టర్ నుంచి. తేమ్స్ గట్టు గారు లేక్ డిస్ట్రిక్ట్ ఊసే ఎత్తలేదు, లండన్ వాళ్లతో ఇదే గొడవ.

గ్రాస్మియర్, రైడల్ అనే రెండు ఊళ్ల మధ్య పాత పాడె దారి ఒకటుంది. వెనకటి రోజుల్లో రైడల్ వైపు చనిపోయినవాళ్లను గ్రాస్మియర్ చర్చికి ఈ కొండవాలు మీదుగానే మోసుకెళ్లేవాళ్లు. శవాన్ని దించి ఊపిరి తీసుకోవడానికి వాడిన రాతి దిమ్మలు ఇంకా కనిపిస్తాయి. పేరు విని జంకకండి, ఇంత ప్రశాంతమైన దారి నేను ఇంకోటి నడవలేదు. ఐదు కిలోమీటర్ల లోపే. ఒక పక్క నాచు పట్టిన రాతి గోడ, కింద సరస్సు. రైడల్ దగ్గర డోరా పొలం అనే చిన్న వాలు ఉంది, 1847లో చనిపోయిన కూతురు డోరా జ్ఞాపకంగా కవి వర్డ్స్‌వర్త్ కుటుంబం అక్కడ డాఫొడిల్స్ నాటింది. మీరు వచ్చేసరికి డాఫొడిల్స్ వాడిపోతుంటాయి, అది నిజం. బదులుగా గొర్రెపిల్లలు ఉంటాయి. హెర్డ్‌విక్ అనే ఆ కొండ జాతి పిల్లలు పుట్టినప్పుడు బొగ్గులా ఉంటాయి, ఎదిగేకొద్దీ బూడిద రంగుకు తిరుగుతాయి. తల్లి తెల్లటి మొహంతో, పక్కన నల్లటి పిల్ల.

తేమ్స్ గట్టు – జనవరి 25

ఊసెత్తకపోవడానికి కారణం ఉంది స్వామీ. రెడింగ్ నుంచి విండర్మియర్ దాకా రైళ్లు మారి వెళ్లేసరికి ఐదు గంటలు, ఆపైన బస్సు. రెండు రాత్రులు ఉంటేనే గిట్టుబాటు. ఆ దారిలో రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయని మీరు చెప్పలేదు. 66 ఏళ్ల మోకాలు వానలో ఆ రాళ్ల మీద దిగాలా?

కొండదారి – జనవరి 25

మా అత్తగారు 70 ఏళ్ల వయసులో చేతికర్రతో నడిచారు. అయినా మీరన్నది కొట్టిపారేయను. వాన పడితే నేనే వద్దంటాను.

పారిజాతం – ఫిబ్రవరి 2

ఇంట్లో ఓటింగు పెట్టాం. లేక్ డిస్ట్రిక్ట్ ఓడిపోయింది, కొండదారి గారు క్షమించాలి. గొర్రెపిల్లల కోసం నాన్నగారు ఒక్కరే చేయెత్తారు. సిస్సింగ్‌హర్స్ట్, గులాబీ తోట కూడా పోయాయి.

బ్లూబెల్స్ సంగతి ఎవరైనా చెప్పండి. యాష్‌రిడ్జ్ అడవి అని అన్నిచోట్లా రాస్తున్నారు. ఫొటోలలో నేలంతా నీలం పరిచినట్టు ఉంది. నిజంగా అలాగే ఉంటుందా, లేక ఫొటోలో రంగు పెంచారా?

తేమ్స్ గట్టు – ఫిబ్రవరి 2

రంగు కొంచెం పెంచుతారు, కానీ చూస్తే నమ్మలేమన్న మాట నిజమే. కంటికి నీలం కన్నా ఊదాగానే కనిపిస్తుంది, నేరేడు పండు కొరికిన నాలుక రంగు. బీచ్, ఓక్ చెట్లు ఆకులు తొడిగి నీడ కమ్మేలోపు ఆ కాస్త ఎండలోనే ఈ మొక్క తన పనంతా ముగించుకుంటుంది. అందుకే రెండు మూడు వారాల ఆట. ప్రపంచంలోని బ్లూబెల్స్‌లో దాదాపు సగం బ్రిటన్ అడవుల్లోనే ఉన్నాయని లెక్క.

యాష్‌రిడ్జ్ దాకా పోనక్కర్లేదు. రెడింగ్ పక్కనే చిల్టర్న్స్ కొండలు, వాటి నిండా బీచ్ అడవులు. హెన్లీ దగ్గర గ్రేస్ కోర్ట్ అనే పాత ఇల్లు, తోట, దాని వెనక బ్లూబెల్ అడవి ఉన్నాయి. తమ్ముడి కారులో అరగంట. వారం మధ్యలో ఉదయాన్నే వెళ్లండి.

నాన్నగారికి చిన్న పరీక్ష: అసలు ఇంగ్లీషు బ్లూబెల్ కాడ ఒక వైపుకు వంగి, పూలన్నీ ఆ వైపే వేలాడుతాయి, లోపలి పుప్పొడి తిత్తులు మీగడ రంగు. ఊళ్లలో పెరట్లలో నిటారుగా నిలబడేది స్పెయిన్ జాతి. రెండూ కలిసి సంకరాలు కూడా వచ్చేశాయి.

పచ్చగడ్డి – ఫిబ్రవరి 3

ఒక విన్నపం. మన వాళ్లు ఆ పూల మధ్యలో కూర్చుని ఫొటోలు దిగడం ఈ మధ్య మరీ ఎక్కువైంది. పువ్వు నలిగితే పోయేది ఆ ఏడాది పువ్వు. ఆకు నలిగితే దుంపకు తిండి ఉండదు, మళ్లీ కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. నిరుడు ఒక కుటుంబం పట్టుచీరతో అమ్మాయిని సరిగ్గా మధ్యలో పడుకోబెట్టి తీస్తున్నారు. నేను తెలుగులో చెప్తే నా వంక అదోలా చూశారు.

బంతిపూలు – ఫిబ్రవరి 3

మన వాళ్లే ఎందుకు, అక్కడి వాళ్లు కూర్చోరా?

పచ్చగడ్డి – ఫిబ్రవరి 3

కూర్చుంటారు. వాళ్లకు ఇంగ్లీషులో చెప్తాను, వాళ్లూ అదోలానే చూస్తారు.

కొండదారి – ఫిబ్రవరి 5

ఓడిపోయినా సలహా ఇవ్వకుండా ఉండలేను. ఇంగ్లండు, వేల్స్ కలిపి సుమారు 2,25,000 కిలోమీటర్ల మేర జనం నడిచే హక్కున్న దారులు ఉన్నాయి. చాలావాటికి పొలం ఎవరిదైనా దాని మధ్యలోంచే దారి. పసుపు బాణం కనిపిస్తే కాలిబాట, నీలం బాణం అయితే గుర్రాలూ సైకిళ్లూ కూడా వస్తాయి. గేటు తీస్తే మళ్లీ వేయాలి, ఇదొక్కటే అక్కడి శాస్త్రం. కొన్నిచోట్ల గేటు బదులు కంచె మీదుగా రెండు చెక్క మెట్లు ఉంటాయి. చీరతో, మోకాలితో అది కష్టం. దారి ఎంచుకునేటప్పుడు అవి లేనిదే చూసుకోండి.

సెవెన్ సిస్టర్స్ వెళ్తే కొండ అంచుకు దూరంగా ఉండండి. అది సుద్ద రాయి, కింద సముద్రం తినేస్తూ ఉంటుంది. పైన పచ్చిక చెక్కుచెదరనట్టే ఉంటుంది, కింద ఏమీ ఉండదు. మొత్తం నడవక్కర్లేదు. బ్రైటన్ నుంచి 12 నంబరు బస్సులో ఎక్సీట్ దగ్గర దిగితే కక్‌మియర్ నది వంకలు తిరుగుతూ సముద్రంలో కలిసే చోటు దాకా చదునైన బాట ఉంది. అమ్మగారు అంతవరకు హాయిగా వెళ్లి రావచ్చు.

పారిజాతం – ఏప్రిల్ 24, రెడింగ్ నుంచి

వచ్చి ఆరు రోజులైంది. రాత్రి ఎనిమిదింటికి కూడా వెలుతురు ఉంది, అమ్మకు దీపం ఎప్పుడు పెట్టాలో తేలడం లేదు.

మొదటి రోజు రైల్లో కిటికీ నిండా పసుపు పచ్చ చేలు. నాన్నగారు "ఆవాలు" అన్నారు. తమ్ముడు నూనె కోసం వేసే రేప్ పంట అన్నాడు. "ఆవాల జాతే" అని ఆయన ఊరుకున్నారు.

క్యూకు రెండు రోజులు ఇచ్చాం. పామ్ హౌస్ అనే పాత గాజు మేడలో అడుగు పెట్టగానే నాన్నగారి కళ్లద్దాలు ఆవిరి పట్టి తెల్లబడిపోయాయి. బయట పదకొండు డిగ్రీలు, లోపల రాజమండ్రి మే నెల. అద్దాలు తుడుచుకునేలోపే అమ్మ స్వెట్టరు విప్పేసి, అరటి చెట్టు కింద బల్ల చూసుకుని కూర్చుంది. అరటికి ఇంగ్లీషులో పేరు పలక తగిలించడం ఆవిడకు ఎంత నవ్వు తెప్పించిందంటే, పక్కనున్న స్కూలు పిల్లలు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు.

అక్కడే ఒక కుండీలో దక్షిణాఫ్రికా సైకడ్ ఉంది, చూడటానికి ఈత చెట్టులా ఉండే పురాతన జాతి మొక్క. 1775లో తెచ్చారట, మొద్దు వాలిపోతే కర్రలతో ఆసరా ఇచ్చారు. క్యూకు వచ్చాక ఒక్కసారే, 1819లో, కంకి వేసిందట. దాన్ని చూడటానికి ముసలివాడైన జోసెఫ్ బ్యాంక్స్ స్వయంగా వచ్చాడట. ఆ మాట వినగానే నాన్నగారు "అయితే మన సామర్లకోట బొమ్మలు అచ్చు వేయించినాయన నిలబడిన చోట నిలబడ్డాం" అన్నారు. సామర్లకోట గారూ, ఇదంతా మీ చలవ. మేము దాని ముందు నలభై నిమిషాలు ఉన్నాం.

చెర్రీలు మూడొంతులు రాలిపోయాయి. మాగ్నోలియాలు ఒకటి అరా. రెండో రోజు జోరు వాన, మరియాన్ నార్త్ గ్యాలరీలో దూరాం. గోడ కనిపించకుండా ఎనిమిది వందలకు పైగా మొక్కల చిత్రాలు, అన్నీ ఒక్క మనిషి దేశాలు తిరిగి వేసినవి. తడి గొడుగులతో అక్కడే పులిహోర తినాలని అమ్మ ప్రయత్నించింది. కుదరలేదు.

మోకాలినొప్పి – ఏప్రిల్ 24

చక్రాల కుర్చీ తీసుకున్నారా లేదా?

పారిజాతం – ఏప్రిల్ 24

తీసుకున్నాం. నాన్నగారు కూర్చున్నారు.

పారిజాతం – మే 2

రేపు బయలుదేరుతున్నాం. మిగతాది రాసేస్తాను, హైదరాబాదు వెళ్తే కుదరదు.

విస్లీ వెళ్లాల్సిన రోజు రైలు రద్దయింది. స్టేషన్‌లో గంటన్నర చలికి వణికి, ఏదో ఒకటి దొరికిన రైలు ఎక్కి రిచ్‌మండ్‌లో దిగిపోయాం. ఆ విధంగా ఇసబెల్లా ప్లాంటేషన్‌కు చేరాం. రిచ్‌మండ్ పార్కు మధ్యలో నలభై ఎకరాల అడవి తోట, ప్రవేశం ఉచితం. సన్నటి కాలువకు రెండు వైపులా అజేలియాలు: గులాబీ, ఎరుపు, ఊదా, ఒక్కొక్క పొద మనిషి ఎత్తు. ఆకు కనబడదు. కాలువలోనూ అదే రంగు. జపాన్‌లోని కురుమె నుంచి 1920ల నాటికి తెప్పించిన రకాలట. అమ్మ ఏమీ అనలేదు. కాలువ మీది చెక్క వంతెన దగ్గర కొంగు భుజం చుట్టూ తిప్పుకుని నిలబడి, కాసేపటికి "మళ్లీ ఒకసారి తీసుకురా" అంది. ఇంకా చూస్తూనే ఉంది, వెళ్లిపోలేదు! మూడు రోజుల తర్వాత నిజంగానే మళ్లీ వెళ్లాం, హాంప్టన్ కోర్ట్ తులిప్పులు మానుకుని.

గ్రేస్ కోర్ట్ అడవికి ఉదయం తొమ్మిదిన్నరకు వెళ్లాం. తేమ్స్ గట్టు గారు నేరేడు రంగు అన్నారు, సరిగ్గా అదే. కానీ వాసన గురించి ఎవరూ చెప్పలేదేం? ముందు ఎవరో వెల్లుల్లి తాలింపు వేసినట్టు ఘాటు. అడవిలో ఇదేమిటని చూస్తే పక్క పల్లంలో అడవి వెల్లుల్లి, తెల్లటి చుక్కల పూలు. దాటి పది అడుగులు వేస్తే బ్లూబెల్స్ వాసన, చాలా పలచగా, తడి మట్టితో కలిసి. నాన్నగారు పూలను వదిలేసి లేత బీచ్ ఆకు పట్టుకున్నారు. తెంపలేదు, కొమ్మ వంచి వెలుతురుకు పెట్టి చూపించారు. అంచు పొడవునా వెండి నూగు, పసిబిడ్డ చెవి మీద ఉంటుందే, అలా. నెలాఖరుకు అది రాలిపోయి ఆకు గట్టిపడుతుందన్నారు. నేను ఆ అడవిలో తీసిన ఫొటో అదొక్కటే బాగా వచ్చింది. పచ్చగడ్డి గారూ, దారి దాటి ఒక్క అడుగు వేయలేదు, ఒట్టు.

సెవెన్ సిస్టర్స్ వద్ద గాలి. అంతే చెప్పగలను, నిలబడనివ్వలేదు. నది వంక దాకా నడిచి వెనక్కి వచ్చేశాం.

మీలో ఎవరూ చెప్పనిది ఇంకొకటి: బల్లలు. ఏ తోటలో చూసినా కూర్చునే బల్ల వీపు మీద చిన్న ఇత్తడి పలక, దాని మీద ఒకరి పేరు, ఫలానా ఆమెకు ఈ చోటంటే ఇష్టం అని. అమ్మ మోకాలి పుణ్యమా అని మేము కనీసం ముప్ఫై బల్లల మీద కూర్చుని ఉంటాం. కూర్చునే ముందు ఎవరిదో చదివి చెప్పమనేది. చెప్పాక పలక మీద వీపు ఆనకుండా పక్కకు జరిగి కూర్చునేది.

కొండదారి – మే 2

ఇన్ని కిలోమీటర్లు నడిచిన నాకు బల్లల సంగతి తట్టలేదు. వచ్చేసారి రైడల్‌కు రండి, పాడె దించిన రాయి మీద కూర్చోవచ్చు.

తేమ్స్ గట్టు – మే 3

కొండదారి గారూ, ఆవిడను ఇంటికి వెళ్లనివ్వండి.

పారిజాతం – మే 19

హైదరాబాదు, 41 డిగ్రీలు. నాన్నగారు అడగమన్నారు: సామర్లకోట గారూ, కడియంలో అజేలియా దొరుకుతుందా? మేడ మీద కుండీలో పెట్టాలని పట్టుబట్టారు.

సామర్లకోట – మే 19

ఆమ్ల నేల కావాలి, చల్లటి వేళ్లు కావాలి. మేడ మీద మన మే నెలను అది తట్టుకోదు. ఆయనకు నేను చెప్పాలా? వ్యవసాయ శాఖ మనిషి, నాకన్నా బాగా తెలుసు.

పారిజాతం – మే 20

తెలుసట. అయినా నిన్న సాయంత్రం కుండీ కడిగి బోర్లించారు.